ముందు ఏ ఓటు?

న్యూయార్క్. 1971 అక్టోబరు 25, రాత్రి. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ అధ్యక్ష స్థానంలో ఇండోనేసియా నేత ఆదం మాలిక్. ఆయన ముందు రెండు ముసాయిదాలు. ఒకటి అల్బేనియా సహా 23 దేశాలు తెచ్చింది: చైనా స్థానం బీజింగ్ ప్రభుత్వానిదే, ఆ స్థానంలో ఉన్న, తైవాన్‌లోని చాంగ్ కై షేక్ ప్రభుత్వ ప్రతినిధులను వెంటనే పంపేయాలి. రెండోది అమెరికాది. తైవాన్‌ను తొలగించడం ‘ముఖ్యమైన అంశం’, దానికి మూడింట రెండొంతుల మెజారిటీ కావాలని మాత్రమే అందులో ఉంది.

అమెరికా ఆశలన్నీ ఆ చిన్న ముసాయిదా మీదే. కిందటేడాది అల్బేనియా తీర్మానానికి 51 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా 49. ఎక్కువ ఓట్లు వచ్చినా రెండొంతుల నిబంధన దాన్ని ఆపేసింది. అందుకే అమెరికా రాయబారి జార్జ్ బుష్, తర్వాతి కాలంలో అధ్యక్షుడైన ఆ బుష్షే, ఈసారీ తమ ముసాయిదానే ముందు ఓటుకు పెట్టాలని పట్టుబట్టారు. పెట్టారు.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో మోడల్ యూఎన్‌కు, అంటే విద్యార్థులు దేశాల ప్రతినిధులుగా ఐక్యరాజ్యసమితిని అనుకరించే సభకు, మొదటిసారి వెళ్లే పిల్లలు ఈ రాత్రి కథ చదివి వెళ్లాలని నా కోరిక. చాలామంది ప్రసంగం బాగా తయారుచేసుకుంటారు, నిబంధనల పుస్తకం పక్కన పెడతారు. అక్కడ సభ నడిచేది ఆ పుస్తకం మీదే. హాజరు పిలిచినప్పుడు ‘ప్రెజెంట్ అండ్ ఓటింగ్’ అన్న డెలిగేట్‌కు తీర్మానంపై తటస్థంగా ఉండే వీలు అప్పుడే పోతుంది. వక్తల జాబితా నడుస్తుండగానే ఎవరో ప్లకార్డు ఎత్తి కాకస్, అంటే విడిగా మాట్లాడుకునే విరామం, అడుగుతారు. అసలు బేరాలు అప్పుడే. హాలు మూలల్లో ల్యాప్‌టాప్‌ల చుట్టూ గుంపులు, ఒక్కో క్లాజు మీద వాదనలు, ప్రతిపాదించేవాళ్లు, సంతకం పెట్టేవాళ్లు. సంతకం పెడితే మద్దతిచ్చినట్టు కాదు, చర్చకు రానివ్వండి అన్నట్టు. ఛైర్ ఒప్పుకున్నాకే ఆ పత్రం ముసాయిదా తీర్మానం అవుతుంది. చర్చ ముగించడానికి చాలా సభల్లో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. ఆ తర్వాత తలుపులు మూస్తారు, డెలిగేట్లు ఒకరికొకరు పంపుకునే చీటీలు ఆగిపోతాయి. ఇక ఉపన్యాసాలకు చోటు లేదు. తీర్మానంలో ఫలానా భాగానికి విడిగా ఓటు పెట్టమని అడగడంలాంటి ఒకటి రెండు దారులే మిగులుతాయి. అలా విడదీయాలా వద్దా అన్నదానికి కూడా ముందు ఓటు ఉంటుంది.

ఆ రాత్రి బుష్‌కు మిగిలిందీ ఆ దారే.

బోర్డు మీద అంకెలు వెలిగాయి. అమెరికా ముసాయిదాకు అనుకూలం 55, వ్యతిరేకం 59, తటస్థం 15. నాలుగు ఓట్ల తేడాతో రెండొంతుల అడ్డుగోడ కూలింది. హాలు చప్పట్లతో మోగిపోయింది. టాంజానియా ప్రతినిధులు నడవాలో నాట్యం చేశారు.

తైవాన్‌ను వెళ్లగొట్టాలన్న మాటలపై విడిగా ఓటు పెట్టాలని అమెరికా కోరింది. లెక్క తెలివైనదే. ఆ మాటలు పోతే బీజింగ్ లోపలికి వస్తుంది, తైవాన్ బయటికి పోదు. సభ మాత్రం తీర్మానాన్ని విడదీయనివ్వలేదు: అనుకూలం 51, వ్యతిరేకం 61, తటస్థం 16. ఆ రాత్రి మొత్తంలో నాకు అన్నిటికన్నా కీలకంగా తోచేది ఈ ఓటే. చైనా గురించి ఎవరూ కొత్త వాదన చేయలేదు. ఒక వాక్యాన్ని రెండు ముక్కలు చేయాలా వద్దా అన్న ప్రశ్నతో ఓ ప్రభుత్వం స్థానం తేలిపోయింది.

తైవాన్ విదేశాంగ మంత్రి చౌ షు కై ఇక ఈ సభా కార్యక్రమాల్లో పాల్గొనబోమని ప్రకటించారు. ఆయన బృందం బయటికి నడిచింది. అప్పుడు అసలు తీర్మానం ఓటుకు వచ్చింది: అనుకూలం 76, వ్యతిరేకం 35, తటస్థం 17. ఆ 76లో భారత్ ఉంది. ఆ ఓట్లు మూడింట రెండొంతులను కూడా దాటాయి. కానీ రెండొంతులు తప్పనిసరి అని ముందే తేలి ఉంటే ఎంతమంది ఎటు ఓటేసేవారో, ఆ సంఖ్యను బట్టి చెప్పలేం. గెలిచే పక్షం వైపు చివర్లో చేరేవాళ్లు ఏ సభలోనైనా ఉంటారు. మోడల్ యూఎన్‌లో ఒక్క రోజు కూర్చున్నవాళ్లకూ అది తెలుస్తుంది.

అమెరికా దగ్గర ఇంకో ముసాయిదా కూడా ఉంది: ఇద్దరికీ చోటివ్వాలన్నది. అల్బేనియా తీర్మానం నెగ్గడంతో అది ఓటుకే రాలేదు. నవంబరు 15న చియావ్ గ్వాన్‌హువా నాయకత్వంలో బీజింగ్ బృందం సభకు వచ్చి చైనా స్థానంలో కూర్చుంది.