ఓటు అను మాట

ఓటు అను మాట ఎరుగని పల్లె నేడు లేదు. వినుటకు అచ్చతెనుగు పలుకువలె తోచును గాని, మన ఓటమికిని ఓటికుండకును దీనితో చుట్టరికము లేదు. ఇది ఇంగ్లీషువారి ద్వారమున వచ్చినది. వారికిని ఇది పుట్టింటి సొమ్ము కాదు. లాటిను భాషలోని 'వోటుమ్' దీనికి మూలము.

వోటుమ్ అనగా మ్రొక్కుబడి. యుద్ధమునకు పోవు రోమను సేనాని జయము కలిగినచో కోవెల కట్టింతునని మ్రొక్కెడివాడు. ఓడ యెక్కు వర్తకుడు క్షేమముగా తీరము చేరినచో ఫలానిది సమర్పింతునని మ్రొక్కెడివాడు. మన కొండకు ముడుపు కట్టువారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. మ్రొక్కునుండి కోరిక అను అర్థమును, కోరికనుండి సభలో తెలుపు సమ్మతి అను అర్థమును క్రమముగా ఏర్పడినవి. వింత యేమనగా, ఆ రోమనులు తమ ఎన్నికలకు ఈ మాటను వాడలేదు. వారు 'సఫ్రాగియుమ్' అనిరి.

తొలుత రోమునగరమున ప్రజలు తమ అభిమతమును నోట పలికెడివారు. తనను పోషించు ధనికుడు ఎదుట నిలిచియుండగా పేదవాడు వేరొకని పేరు చెప్పగలడా? క్రీ. పూ. 139లో గబీనియుసు అనునాతడు చేయించిన చట్టముచే ఎన్నికలలో మైనము పూసిన పలకపై వ్రాసి రహస్యముగా వేయు పద్ధతి వచ్చినది. తరువాతి కాలపు సిసిరో తన ధర్మశాస్త్రగ్రంథమున ప్రజలకు పలక ఉండవచ్చును గాని దానిని గొప్పవారికి చూపవలెనని నిర్ణయించెను. మహావక్తయే, కాని ఈ తీర్పు నాకు రుచింపదు. చూపిన పిమ్మట అది రహస్య మెట్లగును?

ఇంగ్లండునందును 1872 వరకు ఇదే తీరు. ఓటరు బహిరంగముగా పేరు చెప్పగా గుమాస్తా పుస్తకమున వ్రాసికొనెడివాడు. భూస్వామి మాట కాదన్న కౌలుదారు పొలము విడువవలసి వచ్చుటయు కలదు. ఆ యేటి చట్టముతో రహస్యపు ఓటు అచ్చట నెలకొన్నది. దానికి వారు పెట్టిన 'బాలెట్టు' అను పేరు ఇటలీవారిది. చిన్న గుండు అని అర్థము. వెనీసు నగరమున గుండ్లు వేసి అభిప్రాయము తెలుపు ఆచారము ఉండెడిది.

మన దేశమున 1951-52 సామాన్య ఎన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె నుంచి, దానిపై అతని గుర్తు అంటించిరి. అక్షరము రాని అవ్వయు తెరచాటునకు పోయి, తనకు నచ్చిన గుర్తుగల పెట్టెలో చీటి వేసి వచ్చినది. ఆమె ఏ పెట్టెలో వేసినదో ఇంటి యజమానికి గాని, ఊరి మునసబుకు గాని తెలియలేదు. తరువాత పెట్టెలు ఒక్కటై, చీటిపై ముద్ర వేయు పద్ధతి వచ్చినది. 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటను మీటనొక్కు యంత్రము నిలిచినది. యంత్రము చుట్టును అట్టతో చాటు కట్టుచునే యున్నారు.