గెలాక్సీల గుంపులను తూచిన విధము

బియ్యమును తూచుటకు త్రాసు కలదు. భూమి గమనమును బట్టి సూర్యుని ద్రవ్యరాశిని గణింపవచ్చును. వందలు, వేలు గెలాక్సీలు గల గుంపును తూచుట ఎట్లు?

1933లో ఫ్రిట్జ్ జ్వికీ అను స్విస్ శాస్త్రజ్ఞుడు, కాలిఫోర్నియాలో పనిచేయుచు, ఇందుకు పూనుకొనెను. కోమా గుంపులోని గెలాక్సీల వేగములలో సెకనుకు వేయి కిలోమీటర్లకు మించిన తేడాలు కనబడెను. అంత వేగముగా తిరుగునవి చెదరిపోకుండవలెనన్న, వాని వెలుగును బట్టి ఎంచిన దానికి కొన్ని వందల రెట్లు ద్రవ్యము అచట ఉండవలెను. నాటి దూరపు కొలతలు సరికానందున ఆ రెట్లు తరువాత బాగుగా తగ్గినవి. చిక్కు మాత్రము తీరలేదు.

కాని ఈ లెక్కకు గుంపు నిలుకడగా ఉన్నదని ముందే ఒప్పుకొనవలెను. అది నిజముగా చెదరుచున్నచో లెక్క యంతయు తలక్రిందగును.

1937లో జ్వికీయే మరియొక మార్గము చూపెను. ద్రవ్యము కాంతిని వంచునని 1919 సూర్యగ్రహణమున తేలినది గదా! అట్లే ఒక గెలాక్సీ కటకమువలె తన వెనుకనున్న వాని రూపమును మార్చును. ఆ మార్పును కొలిచిన దాని ద్రవ్యరాశి తెలియును. నిలుకడ ప్రశ్నయే ఇందు లేదు. అయితే అందుకు తగిన సాధనములు రాకమునుపే, 1974లో, ఆయన మరణించెను.

1980వ దశకమున ఏబెల్ 370 అను గుంపులో విల్లువంటి పెద్ద కాంతిరేఖ కనబడెను. అట్టివి గుంపు నడుమ మాత్రమే, అదియును అరుదుగా కనబడును. వెలుపలి భాగమున వెనుకటి గెలాక్సీల ఆకారము నూటికి కొద్ది పాళ్ళే సాగును. పైగా గెలాక్సీలు చాలవరకు పుట్టుకతోనే కోలగా కనబడును. ఏది సాగినదో, ఏది మొదటినుండియు అట్లున్నదో ఎట్లు తెలియును? ఒక్క వరివెన్ను వంపును చూచి గాలి దిశ చెప్పలేము. చేనంతయు ఒకవైపునకు ఒరిగినచో చెప్పగలము. సహజపు కోలదనము తలకొక దిక్కుగా ఉండును గాన, నూరు గెలాక్సీల సగటున పదవ వంతుకును, పదివేల సగటున నూరవ వంతుకును తగ్గును. కటకము కలిగించిన సాగుదల మాత్రము గుంపు కేంద్రము చుట్టును వలయముగా మిగులును. ప్రయోగశాలలో విద్యార్థులచే ఒకే కొలతను పలుమారులు తీయించుటలోని సూత్రమే ఇది.

1990లో ఆంథొనీ టైసన్, ఆయన సహచరులు ఈ స్వల్ప సాగుదలను రెండు గుంపుల చుట్టును పట్టగలిగిరి. దానినుండి ద్రవ్యపటమును గీయు గణితమును 1993లో కైజర్, స్క్వైర్స్ అనువారు సమకూర్చిరి.

నా దృష్టిలో అసలు తీర్పు 2006లో వచ్చినది. ‘బుల్లెట్’ అని పిలువబడు చోట రెండు గుంపులు ఢీకొని ఒకదానిగుండ ఒకటి దాటిపోయినవి. నిలుకడ లేని ఇట్టి చోట జ్వికీ మొదటి లెక్క పనికిరాదు. సాధారణ ద్రవ్యములో అధికభాగమైన వేడి వాయువు, ఆ తాకిడికి వెనుకబడి, నడుమ నిలిచినట్లు ఎక్స్ కిరణములు చూపినవి. కాంతి వంపు చూపిన ద్రవ్యములో పెద్దపాలు ఆ వాయువున్న చోట లేదు. గెలాక్సీలతో కూడ ముందునకు సాగిపోయి యున్నది.