డిస్క్ గోల్ఫ్ డ్రైవరు గమనముపై బరువు, ప్లాస్టిక్ ప్రభావము

డిస్క్ గోల్ఫ్ ఆటలో ఎక్కువ దూరము విసరడానికి ఉపయోగించే, పదునైన వెడల్పు అంచు గల డిస్కును డ్రైవరు అంటారు. డ్రైవరు గాలిలో ఎలా ప్రయాణిస్తుందన్నది ముఖ్యముగా దాని ఆకారము మీద, విసిరే వేగము మీద ఆధారపడి ఉంటుంది. అయితే ఒకే పేరుతో, ఒకే అచ్చులో తయారైన రెండు డ్రైవర్లు కూడా బరువులో గాని, ప్లాస్టిక్‌లో గాని తేడా ఉంటే ఒకే విధముగా ప్రయాణించవు. బరువు మారితే అదే గాలి బలము డిస్కును ఎంత త్వరగా పక్కకు వంచగలదన్నది మారుతుంది. ప్లాస్టిక్ మారితే డిస్కు ఆకారము, చేతి పట్టు, అరుగుదల మారుతాయి. ఈ వ్యాసము ఆ తేడాలకు గల కారణాలను వివరిస్తుంది.

నేపథ్యము

డిస్క్ గోల్ఫ్ నియమాలు గోల్ఫ్ నియమాలను పోలి ఉంటాయి. బంతికి బదులు డిస్కును, రంధ్రానికి బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్టను వాడతారు. వీలైనన్ని తక్కువ విసురులలో డిస్కును బుట్టలో వేయడము ఆట లక్ష్యము. ఆటకు మొదటి శాశ్వత మైదానము 1975లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో ఓక్ గ్రోవ్ పార్కులో ఏర్పడింది. దానిని రూపొందించిన ఎడ్ హెడ్రిక్ 1976లో ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ (పీడీజీఏ) ను స్థాపించాడు.

తొలి రోజులలో ఆటగాళ్ళు పిల్లలు ఆడుకునే ఫ్రిస్బీ వంటి గుండ్రటి అంచు గల డిస్కులనే విసిరేవారు. 1983లో డేవ్ డునిపేస్ అంచును ఏటవాలుగా చెక్కినట్లు మలచిన డిస్కును రూపొందించాడు. ఈ అంచు గాలి నిరోధాన్ని తగ్గించడముతో డిస్కులు అంతకు ముందు కన్నా చాలా దూరము వెళ్ళసాగాయి. నేటి డ్రైవర్లన్నీ ఈ మార్పు నుండి పుట్టినవే.

డ్రైవరు నిర్మాణము

డ్రైవరులో రెండు భాగాలు ఉంటాయి. మధ్యలో ఉండే పలుచని పలక మొదటిది. దాని చుట్టూ ఉండే మందపాటి అంచు రెండవది. డిస్కు బరువులో పెద్ద భాగము అంచులోనే ఉంటుంది. డిస్కు ఎంత వేగానికి తగినదైతే అంచు అంత వెడల్పుగా ఉంటుంది. ఉదాహరణకు ఇన్నోవా సంస్థ తయారు చేసే డెస్ట్రాయర్ అనే దూరపు డ్రైవరు వ్యాసము 21.1 సెం.మీ., అంచు వెడల్పు 2.2 సెం.మీ.

డిస్కుల స్వభావాన్ని తెలపడానికి ఇన్నోవా నాలుగు అంకెల పద్ధతిని ప్రవేశపెట్టింది. ఇతర సంస్థలు కూడా ఇటువంటి పద్ధతినే అనుసరిస్తున్నాయి.

* స్పీడ్ - డిస్కు తన గుణాన్ని చూపాలంటే ఎంత వేగముగా విసరాలో తెలిపే అంకె.
* గ్లైడ్ - గాలిలో తేలి ఉండే గుణము.
* టర్న్ - వేగముగా ఉన్నప్పుడు పక్కకు వంగే గుణము. ఇది ఎక్కువగా రుణ సంఖ్యగా ఉంటుంది.
* ఫేడ్ - వేగము తగ్గిన తరువాత ఎదుటి పక్కకు వంగే గుణము.

డెస్ట్రాయరుకు ఈ అంకెలు 12, 5, -1, 3. ఇదే సంస్థకు చెందిన లెపర్డ్ అనే డ్రైవరుకు 6, 5, -2, 1. ఈ అంకెలు అచ్చుకు ఇచ్చినవి. చేతిలో ఉన్న డిస్కు బరువును, అది ఎంత అరిగిందన్న విషయాన్ని ఇవి తెలుపవు. డిస్కు బరువును సాధారణముగా దాని అడుగు భాగములో గ్రాములలో రాస్తారు.

గాలిలో డిస్కు ఎందుకు వంగుతుంది?

కుడిచేతి వాటము గల ఆటగాడు చేతిని రొమ్ముకు అడ్డముగా ఎడమ వైపుకు తీసుకొని ముందుకు విసిరితే దానిని బ్యాక్‌హ్యాండ్ అంటారు. అప్పుడు డిస్కు పై నుండి చూస్తే సవ్యదిశలో తిరుగుతుంది. మంచి ఆటగాళ్ళు విసిరిన డ్రైవరు నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరుగుతుంది. కింది వివరణ అంతా ఈ విసురుకు సంబంధించినది. ఎడమచేతి బ్యాక్‌హ్యాండుకు, కుడిచేతి ఫోర్‌హ్యాండుకు కుడి ఎడమలు తారుమారవుతాయి.

విసిరిన వెంటనే వేగము ఎక్కువగా ఉన్నప్పుడు గాలి డిస్కును పైకి లేపే బలము డిస్కు కేంద్రానికి కొంచెము వెనుక పనిచేస్తుంది. అందువలన డిస్కు ముందు భాగము కిందికి వంగాలి. కాని తిరుగుతున్న వస్తువు బలానికి నేరుగా లొంగదు. వాలిన బొంగరము కింద పడకుండా తన అక్షాన్ని చుట్టూ తిప్పుకున్నట్లే, డిస్కు కూడా ముందుకు వంగడానికి బదులు కుడి పక్కకు వాలుతుంది. భౌతిక శాస్త్రములో దీనిని పురస్సరణము అంటారు. ఆట భాషలో ఇది టర్న్. తరువాత వేగము తగ్గి డిస్కు కిందికి దిగసాగినప్పుడు గాలి అడుగు నుండి ఎక్కువగా తగులుతుంది. పైకి లేపే బలము కేంద్రానికి ముందుకు జరుగుతుంది. అప్పుడు డిస్కు ఎడమ పక్కకు వాలుతుంది. ఇది ఫేడ్. టర్న్ ఎక్కువగా ఉన్న డిస్కును అండర్‌స్టేబుల్ అని, ఫేడ్ ఎక్కువగా ఉన్న డిస్కును ఓవర్‌స్టేబుల్ అని పిలుస్తారు.

బరువు ప్రభావము

వంపుపై ప్రభావము

డిస్కు పక్కకు వాలే రేటును ఒక సాధారణ సూత్రముతో చెప్పవచ్చు. గాలి కలిగించే బల భ్రామకాన్ని డిస్కు కోణీయ ద్రవ్యవేగముతో భాగిస్తే ఆ రేటు వస్తుంది. గాలి కలిగించే భ్రామకము డిస్కు ఆకారము, వేగము మీద ఆధారపడుతుంది గాని బరువు మీద నేరుగా ఆధారపడదు. కోణీయ ద్రవ్యవేగము మాత్రము బరువుతో పాటు తగ్గుతుంది.

ఒకే ఆకారము గల 175 గ్రాముల, 150 గ్రాముల డిస్కులను ఒకే వేగముతో, ఒకే చుట్ల రేటుతో, గాలికి ఒకే కోణములో విసిరామనుకుంటే, తేలిక డిస్కు జడత్వ భ్రామకము సుమారు 14 శాతము తక్కువ. కనుక అది పక్కకు వాలే రేటు సుమారు 17 శాతము ఎక్కువ. దీనికి తోడు తేలిక డిస్కు తన బరువును మోయడానికి గాలిలో తక్కువ కోణము చాలు. అందువలన డిస్కు ముందు భాగాన్ని ఎత్తే బలము ఆలస్యముగా వస్తుంది. తేలిక డిస్కు ఎక్కువగా కుడికి వంగుతుందని, ఆలస్యముగా ఎడమకు తిరుగుతుందని ఆటగాళ్ళు చెప్పే మాటకు ఇవే కారణాలు.

వేగము, దూరముపై ప్రభావము

అదే గతిజ శక్తిని ఇస్తే 150 గ్రాముల డిస్కు 175 గ్రాముల డిస్కు కన్నా సుమారు 8 శాతము వేగముగా బయలుదేరాలి. నిజానికి లాభము ఇంతకన్నా తక్కువగా ఉంటుంది. ఆటగాడు డిస్కును మాత్రమే కాక దానికన్నా ఎంతో బరువైన తన చేతిని కూడా కదిలించవలసి ఉంటుంది గనుక ఆ 25 గ్రాముల తేడా మొత్తములో చిన్నది.

గాలి నిరోధము రెండు డిస్కులపై సమానముగా ఉన్నా తేలిక డిస్కు వేగము త్వరగా తగ్గుతుంది. బరువైన డిస్కు తన వేగాన్ని ఎక్కువసేపు నిలుపుకుంటుంది. కాని తేలిక డిస్కును కిందికి లాగే బలము తక్కువ కనుక అది గాలిలో ఎక్కువసేపు తేలుతుంది. చేతి వేగము తక్కువగా ఉన్న వారికి ఈ తేలడము వలన కలిగే లాభమే ఎక్కువ. చేతి వేగము ఎక్కువగా ఉన్న వారి చేతిలో తేలిక డ్రైవరు అతిగా కుడికి వాలి దూరాన్ని కోల్పోవచ్చు.

గాలి వీచేటప్పుడు

* ఎదురుగాలిలో డిస్కుకు తగిలే గాలి వేగము పెరుగుతుంది. టర్న్ పెరుగుతుంది. అందువలన ఎదురుగాలికి బరువైన, ఓవర్‌స్టేబుల్ డిస్కును ఎంచుకుంటారు.
* వెనుకగాలిలో డిస్కుకు తగిలే గాలి వేగము తగ్గుతుంది. పైకి లేపే బలము కూడా తగ్గి డిస్కు త్వరగా దిగుతుంది, ఫేడ్ ముందుగా వస్తుంది. ఇక్కడ తేలిక, అండర్‌స్టేబుల్ డిస్కులు అనుకూలము.
* పక్కగాలి తేలిక డిస్కును ఎక్కువగా నెడుతుంది.
* ఎత్తైన కొండ ప్రాంతాలలో గాలి పలుచగా ఉండడము వలన టర్న్, గ్లైడ్ రెండూ తగ్గుతాయి. సముద్ర మట్టములో నిటారుగా వెళ్ళే డిస్కు అక్కడ త్వరగా ఎడమకు దిగవచ్చు.

గాలి సహాయము ఎంత పెద్దదో దూరపు రికార్డుల వలన తెలుస్తుంది. 2016లో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ అమెరికాలోని నెవాడా ఎడారిలో 338 మీటర్ల దూరము డిస్కును విసిరాడు. ఇటువంటి రికార్డులను బలమైన వెనుకగాలి వీచే బయలు ప్రదేశాలలో సాధిస్తారు.

ప్లాస్టిక్ ప్రభావము

రకాలు

డిస్కులను కరిగిన ప్లాస్టిక్‌ను అధిక పీడనముతో అచ్చులోకి ఎక్కించి తయారు చేస్తారు. వీటిని స్థూలముగా మూడు రకాలుగా చెప్పవచ్చు.

* ప్రాథమిక ప్లాస్టిక్ - చవక. చేతికి మంచి పట్టు ఇస్తుంది. చెట్లకు, రాళ్ళకు తగిలి త్వరగా అరుగుతుంది. ఇన్నోవా వారి డీఎక్స్, డిస్క్రాఫ్ట్ వారి ప్రో-డీ ఈ రకమునకు చెందినవి.
* మేలు రకము ప్లాస్టిక్ - ఖరీదు ఎక్కువ. ఎక్కువ కాలము మన్నుతుంది. ఇవి సాధారణముగా పాలీయురిథేన్ ఆధారముగా తయారవుతాయి. ఇన్నోవా వారి ఛాంపియన్ పారదర్శకముగా, గట్టిగా ఉంటుంది. స్టార్ అపారదర్శకముగా, కొంచెము మెత్తగా ఉంటుంది. డిస్క్రాఫ్ట్ వారి జెడ్, ఈఎస్‌పీ కూడా ఈ కోవలోనివే.
* తేలిక ప్లాస్టిక్ - ప్లాస్టిక్‌లో సూక్ష్మమైన గాలి బుడగలను చేర్చి బరువు తగ్గిస్తారు. ఇన్నోవా వారి బ్లిజార్డ్ ఇందుకు ఉదాహరణ. వెడల్పు అంచు గల వేగవంతమైన డ్రైవర్లను కూడా ఈ పద్ధతిలో 150 గ్రాముల లోపు తయారు చేయడము సాధ్యమైంది.

ఆకారములో మార్పు

ప్లాస్టిక్ తనంత తాను డిస్కును కుడికో ఎడమకో తిప్పదు. అది ఆకారాన్ని మార్చడము ద్వారా గమనాన్ని మారుస్తుంది. అచ్చు నుండి తీసిన డిస్కు చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. ఎంత కుంచించుకుపోతుందన్నది ప్లాస్టిక్ మిశ్రమాన్ని బట్టి, చల్లారే తీరును బట్టి మారుతుంది. దీని వలన రెండు కొలతలు మారతాయి. ఒకటి పలక మధ్యలోని ఉబ్బు, రెండవది అంచు కొస నేల నుండి ఉండే ఎత్తు. ఉబ్బు ఎక్కువైన డిస్కు సాధారణముగా ఎక్కువగా తేలుతుంది. అంచు కొస ఎత్తు పెరిగితే డిస్కు ఓవర్‌స్టేబుల్ అవుతుంది. ఈ ఎత్తులో కంటికి సరిగా కనిపించని స్వల్ప తేడా కూడా గమనములో తెలుస్తుంది. ఒకే ప్లాస్టిక్‌లో వేర్వేరు విడతలుగా తయారైన డిస్కుల మధ్య తేడా ఉండడానికి కూడా ఇదే కారణము.

సాధారణముగా కొత్త డిస్కులలో గట్టి మేలు రకము ప్లాస్టిక్ డ్రైవరు, అదే అచ్చులోని ప్రాథమిక ప్లాస్టిక్ డ్రైవరు కన్నా ఎక్కువ ఓవర్‌స్టేబుల్‌గా ఉంటుంది. దీనికి మినహాయింపులు ఉన్నాయి.

అరుగుదల

అంచుకు దెబ్బలు తగిలే కొద్దీ డిస్కు అండర్‌స్టేబుల్ అవుతుంది. ప్రాథమిక ప్లాస్టిక్‌లో ఈ మార్పు త్వరగా వస్తుంది. మేలు రకములో చాలా కాలము పడుతుంది. అనుభవజ్ఞులు దీనిని లోపముగా భావించరు. ఒకే అచ్చు డిస్కులను కొత్తది, కొంత అరిగినది, బాగా అరిగినది అని మూడు దశలలో ఉంచుకొని మూడు వేర్వేరు విసురులకు వాడుకుంటారు.

పట్టు, వాతావరణము

చేతి నుండి జారిన డిస్కు సరైన కోణములో గాని, సరిపడినన్ని చుట్లతో గాని బయలుదేరదు. చుట్లు తగ్గితే కోణీయ ద్రవ్యవేగము తగ్గి డిస్కు త్వరగా వాలుతుంది. వర్షములో నున్నటి పారదర్శక ప్లాస్టిక్ జారవచ్చు. చలిలో ప్లాస్టిక్ బిగుసుకొని గట్టిపడుతుంది. ఈ ఆట ఎక్కువగా ఆడే ఫిన్లాండ్, స్వీడన్ వంటి శీతల దేశాలలో చలికాలమునకు మెత్తటి ప్లాస్టిక్ అనుకూలము.

నియమాలు, భద్రత

పీడీజీఏ నియమాల ప్రకారము డిస్కు బరువు దాని వ్యాసములో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములకు మించరాదు. ఏ డిస్కూ 200 గ్రాములకు మించరాదు. ఈ లెక్కన 21.1 సెం.మీ. వ్యాసము గల డ్రైవరు గరిష్ఠ బరువు 175.1 గ్రాములు. అంచు వెడల్పు 2.6 సెం.మీ. మించరాదు. అంచు కొస మరీ పదునుగా ఉండరాదు, ప్లాస్టిక్ మరీ బిరుసుగా ఉండరాదు. 150 గ్రాముల తరగతి పేరుతో తేలిక డిస్కులకు ప్రత్యేక పోటీ విభాగము కూడా ఉంది.

ఈ పరిమితులకు ఒక కారణము భద్రత. గంటకు 97 కిలోమీటర్ల (సెకనుకు 27 మీటర్ల) వేగముతో వెళ్ళే 175 గ్రాముల డ్రైవరుకు సుమారు 64 జౌళ్ళ గతిజ శక్తి ఉంటుంది. అదే వేగములో 150 గ్రాముల డిస్కుకు సుమారు 55 జౌళ్ళు. ఇరుకు అంచుతో ఈ శక్తి తగిలితే తీవ్రమైన గాయము కాగలదు. కనుక నడిచేవారు, పిల్లలు ఉన్న పార్కులలో దారి ఖాళీ అయ్యే వరకు డ్రైవరును విసరరాదు.

ఎంపిక

కొత్తగా నేర్చుకునేవారు తరచుగా పేరుపొందిన ఆటగాళ్ళు వాడే అధిక వేగపు, గరిష్ఠ బరువు డ్రైవరును, అదీ గట్టి ప్లాస్టిక్‌లో కొంటారు. తగిన వేగము లేకుండా విసిరిన అటువంటి డిస్కులో టర్న్ దశ రాదు. అది వెంటనే ఎడమకు తిరిగి నేలకు దిగుతుంది. దూరము కోసము మరింత బలముగా విసరబోయి భుజానికి, మోచేతికి శ్రమ కలిగించుకునే ప్రమాదము ఉంది. స్పీడ్ 6 లేక 7 గల డ్రైవరును 150 నుండి 165 గ్రాముల బరువులో, పట్టు గల ప్లాస్టిక్‌లో తీసుకొంటే డిస్కు రెండు దశలూ కనిపిస్తాయి. విసురులోని తప్పొప్పులు కూడా తెలుస్తాయి. చేతి వేగము పెరిగి డిస్కు అతిగా కుడికి వాలడము మొదలైనప్పుడు బరువు పెంచుకోవచ్చు.

రెండు మూడు గ్రాముల తేడాను సాధారణ ఆటగాడు గుర్తించడము కష్టము. అంత తేడాలో ప్లాస్టిక్, అంచు ఎత్తు, అరుగుదలల ప్రభావమే ఎక్కువగా ఉండవచ్చు. బరువు ప్రభావాన్ని పరీక్షించాలంటే ఒకే అచ్చు, ఒకే ప్లాస్టిక్, సమానమైన అరుగుదల గల రెండు డిస్కులను గాలి లేని సమయములో, ఒకే చోటు నుండి పలుమార్లు విసిరి చూడాలి.

ఇవి కూడా చూడండి

* డిస్క్ గోల్ఫ్
* ఫ్రిస్బీ
* బొంగరము
* గైరోస్కోపు
* జడత్వ భ్రామకము
* పాలీయురిథేన్