కుందేలు చెవులు వాలిన వేళ

పచ్చి బొప్పాయి తురుము కలిపితే ఎంత ముదురు మాంసమైనా మెత్తబడుతుందని హైదరాబాద్ వంటింట్లో ఎవరినడిగినా చెబుతారు. పత్తర్ కా గోష్త్ నానబెట్టే మసాలాలో ఆ తురుము తప్పనిసరి. ఆ కాయకు గాటు పెడితే కారే తెల్లటి పాలలోని పదార్థమే ఒకప్పుడు సూదిలోకి ఎక్కి మనిషి నడుములోకి వెళ్లింది. వీపు కోయకుండానే వెన్నుకు వైద్యం చేయవచ్చన్న ఆశ ప్రపంచమంతా పాకింది దానివల్లే. ఆ కథకు బీజం వేసిన పరిశోధన పత్రం 1956లో అచ్చయింది. 2026తో దానికి 70 ఏళ్లు.

వెన్ను వైద్యంలో తొలి వేల ఏళ్ల గురించి మనకు దొరికేది చాలా తక్కువ. ఈజిప్టులోని లక్సర్‌లో 1862లో ఎడ్విన్ స్మిత్ కొన్న పాపిరస్ చుట్ట దాదాపు 3,600 ఏళ్ల నాటిది. మెడపూస తొలగి కాళ్లూ చేతులూ పడిపోయినవాడికి వైద్యం లేదని అందులో తేల్చేశారు. తుంటి నుంచి పాదం దాకా లాగే నొప్పిని చరక సంహిత గృధ్రసి అంది. రోగి నడక రాబందు నడకలా ఉంటుంది కనుక ఆ పేరని వైద్యులు చెబుతారు. ఆ తర్వాత ఒక్క గెంతులో 1887కు రావచ్చు. ఆ ఏడాది లండన్‌లో విక్టర్ హార్స్లీ వెన్నుపూసలు తెరిచి, వెన్నుపామును నొక్కుతున్న కణితిని తీసి, కాళ్లు చచ్చుబడిన రోగిని మళ్లీ నడిపించాడు. ఈ రెండింటి నడుమ గడిచిన కాలంలో నడుము పట్టేసి మంచానికి అంటుకుపోయిన కోట్లమంది ఏ గ్రంథంలోనూ కనిపించరు.

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో పనిచేసిన న్యూరోసర్జన్ హెంక్ వెర్బీస్ట్ 1954లో రాసిన పత్రంతో ఒక జబ్బుకు స్పష్టమైన రూపం వచ్చింది. ఆయన చూసిన రోగులు నిలబడితే, నడిస్తే కాళ్లు లాగేస్తున్నాయనేవారు. కూర్చుంటే, పడుకుంటే హాయి. నరాలు దిగే వెన్నుకాలువ ఇరుకుగా ఉండటమే కారణమని ఆయన చూపించాడు. స్పైనల్ స్టెనోసిస్ అంటే ఇదే. వయసు మీదపడేకొద్దీ పూసకూ పూసకూ మధ్య మెత్తలా ఉండే డిస్కు అణిగిపోతుంది, వెనక కీళ్లు ఉబ్బుతాయి, పూసల మధ్య లిగమెంటు మందమవుతుంది. మూడూ కలిసి కాలువను నొక్కేస్తాయి. ముందుకు వంగితే కాలువ కాస్త తెరుచుకుంటుంది. అందుకే వీధి చివరి దాకా నడవడానికి రెండు అరుగుల మీద కూర్చునే తాతగారు సూపర్‌మార్కెట్లో ట్రాలీ మీద వాలి ఎంతసేపైనా తిరుగుతారు, సైకిలూ తొక్కుతారు.

దీనికి అప్పట్లో ఉన్న మార్గం లామినెక్టమీ. వీపు మీద పొడుగాటి కోత పెట్టి, ఎముకను అంటుకున్న కండరాలను రెండు వైపులా ఒలిచి, పూసల వెనక కప్పును తీసేయాలి. నరాలకు ఊపిరాడుతుంది కానీ ఆ నష్టం కండరాలు భరించాలి.

ఇక కోత లేని దారి చూపించిన కుందేళ్ల సంగతి. అమెరికాలో లూయిస్ థామస్ అనే వైద్య పరిశోధకుడు ఉండేవాడు. తర్వాతి కాలంలో ‘ద లైవ్స్ ఆఫ్ ఎ సెల్’ వ్యాసాలతో అమెరికా పాఠకులకు ప్రియమైన రచయితా అయ్యాడు. వేరే ప్రయోగం కోసం ఆయన బొప్పాయి పాలలో ఉండే పపేన్ అనే ఎంజైమును కుందేళ్ల రక్తనాళంలోకి ఎక్కించాడు. కొన్ని గంటల్లోనే నిటారుగా ఉండాల్సిన చెవులు వాడిన తోటకూర కాడల్లా తల పక్కన వేలాడాయి. కొద్ది రోజులకు మళ్లీ లేచి నిలబడ్డాయి. ఎక్కించిన ప్రతి కుందేలుకూ ఇదే తంతు. థామస్ చెవి ముక్క కోసి మైక్రోస్కోపు కింద చూశాడు. ఏమీ తేడా కనిపించలేదు. మృదులాస్థిలో చూడదగ్గ విశేషం ఏముంటుందని అప్పట్లో అందరిలాగే ఆయనా అనుకున్నాడు. చేతిలో వేరే పనులున్నాయి, దాన్ని పక్కన పెట్టాడు.

న్యూయార్క్‌లో కార్నెల్ వైద్య కళాశాలలో ఏరన్ కెల్నర్ కూడా వాలిన చెవులను చూశాడు. ఆయన మనసంతా గుండె కండరం మీద ఉంది. చెవులను వదిలేశాడు.

కొన్నేళ్లకు థామస్ న్యూయార్క్ యూనివర్సిటీలో రెండో ఏడాది వైద్య విద్యార్థులకు పాఠం చెబుతూ ఆ కుందేళ్ల ప్రయోగం మళ్లీ చేసి చూపించాడు. ఈసారి ఒక పని అదనంగా చేశాడు. మందు ఎక్కించిన కుందేలు చెవినీ, ఎక్కించని కుందేలు చెవినీ పక్కపక్కన పెట్టి చూశాడు. జవాబు కళ్లముందు నిలిచింది. కణాలు పదిలంగానే ఉన్నాయి. వాటి మధ్య బిగువునిచ్చే జిగురు కరిగిపోయింది. 1958లో బెర్నార్డ్ బార్బర్, రెనే ఫాక్స్ అనే సామాజిక శాస్త్రవేత్తలు థామస్‌నూ కెల్నర్‌నూ కలిసి, ఒకరికి అందిన అదృష్టం మరొకరికి ఎలా చేజారిందో ఒక పత్రమే రాశారు. విజ్ఞాన శాస్త్ర చరిత్రలో ఇంతకంటే ముచ్చటైన ఘట్టాలు తక్కువ. విద్యార్థులకు చూపించాలన్న ఉత్సాహమే ఆ రహస్యాన్ని విప్పింది.

ఇల్లినాయిస్‌లోని ఎముకల వైద్యుడు లైమన్ స్మిత్‌కు థామస్ 1956లో అచ్చువేసిన పత్రంలో కుందేలు చెవి బదులు మనిషి డిస్కు కనిపించింది. డిస్కు నడిమి గుజ్జుకూ బిగువునిచ్చేది అలాంటి జిగురే. అది ఉబికి నరాన్ని నొక్కుతున్నప్పుడు కోసి తీయడమెందుకు, కరిగిస్తే పోలేదా? బొప్పాయి పాల నుంచే తీసిన కైమోపపేన్‌ను జంతువుల డిస్కుల్లో పరీక్షించి, 1963లో తొలి రోగికి ఎక్కించాడు. ఎక్స్‌రేలో చూస్తూ సూదిని డిస్కు దాకా పంపడమే చికిత్స. కోత లేదు, కుట్టు లేదు. అమెరికాలో 1982లో అధికారిక అనుమతి వచ్చింది. వేలమంది ఆ సూది వేయించుకున్నారు. కొందరికి ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ వచ్చింది, కొద్దిమందికి కాళ్లు పడిపోయాయి. వాడకం సన్నగిల్లి, 2003లో అక్కడ అమ్మకమే ఆగిపోయింది. జపాన్‌లో మాత్రం 2018లో కాండోలియేజ్ అనే మరో ఎంజైముకు అనుమతి ఇచ్చారు. ఆ దారి పూర్తిగా మూసుకుపోలేదు.

స్టెనోసిస్ రోగికి బొప్పాయి ఎలాగూ పనికిరాదు. మందమైన లిగమెంటునూ పెరిగిన ఎముకనూ చెక్కి తీయాల్సిందే. కాకపోతే సూది బాట చూపించింది కనుక సన్నటి గొట్టాలు దాని వెంట నడిచాయి. 1975లో జపాన్‌లో హిజికాటా అనే సర్జన్ గొట్టం గుండా డిస్కు ముక్క లాగాడు. 1977లో యాసర్గిల్, కాస్పర్ అనే సర్జన్లు విడివిడిగా మైక్రోస్కోపుతో చిన్న కోత ఆపరేషన్లు వివరించారు. 1997లో అమెరికాలో ఫోలీ, మరో స్మిత్ ఒకదాని మీద ఒకటి తొడిగే గొట్టాలతో కండరాన్ని కోయకుండా పాయలు విడదీసి ఎండోస్కోపు దింపారు. 2002లో కూ, ఫెస్లర్ అదే పద్ధతిలో స్టెనోసిస్‌కు చికిత్స చేశారు: ఒక పక్క నుంచి దిగి, గొట్టాన్ని వాలుగా వంచి, అవతలి పక్క నరాలకూ చోటు చేయడం. ఇప్పుడు రెండు చిన్న రంధ్రాల పద్ధతి కూడా ఉంది. ఒకదాంట్లో కెమెరా, మరొకదాంట్లో డ్రిల్లు, మధ్యలో ఉప్పునీరు పారుతూ రక్తాన్ని కడుగుతుంది. కొరియా సర్జన్లు దీన్ని బాగా సానబెట్టారు. హైదరాబాద్, విశాఖ ఆసుపత్రుల్లోనూ చేస్తున్నారు.

ఇక్కడి నుంచి కథ సాఫీగా సాగదు. పూసల ముళ్ల మధ్య ఇరికించే ఎక్స్-స్టాప్ అనే లోహపు ఆపుకు అమెరికాలో 2005లో అనుమతి దొరికింది. తర్వాత అది మార్కెట్లోనే లేకుండా పోయింది. అలాంటి పరికరాలపై నెదర్లాండ్స్‌లో చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. పరికరం పెట్టినవారిలో 29 శాతం మందికి మళ్లీ ఆపరేషన్ అవసరమైంది, మామూలు పద్ధతిలో 8 శాతం మందికే. స్క్రూలు బిగించి పూసలను అతికించడం వల్ల అదనంగా ఒరిగేదేమీ లేదని 2016లో స్వీడన్ అధ్యయనం తేల్చింది. 2022లో నార్వే వైద్యులు 437 మందిపై మూడు రకాల చిన్న ఆపరేషన్లను పోల్చి చూస్తే, రెండేళ్లకు ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. రంధ్రం ఎంత చిన్నదన్న లెక్క కంటే నరానికి ఎంత చోటు దొరికిందన్నదే పెద్ద లెక్క.

ఇంట్లో పెద్దవాళ్లు నాలుగడుగులకే కూర్చుండిపోతుంటే వయసైపోయిందని సరిపెట్టకండి, డాక్టరుకు చూపించండి. ఆపరేషన్ అంటే స్క్రూలు ఎందుకో, అవి లేకుండా కుదరదా అని అడగండి. పాదం వాలిపోయినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.