బండెనక బండి: ఒక పాట, రెండు సంబోధనలు

నోటినుండి నోటికి సాగు పాట మారక తప్పదు. ఆ మార్పులలో ఏది నిలిచినది, ఏది మరుగుపడినది అని విచారించినచో కొంత చరిత్ర బయటపడును. ఇందులకు ‘బండెనక బండి కట్టి’ అను పాట మంచి ఉదాహరణము.

చంద్రపురమందలి తెలుగువారికి ఈ పాట పరాయిది కాదు. బల్లార్షా వద్ద వార్ధా నది దాటినచో రాజురా వచ్చును. ఆ తాలూకా పూర్వము హైదరాబాదు రాజ్యమున ఆదిలాబాదు జిల్లాలోనిది. 1956లో నాందేడు జిల్లాకును, 1959లో మన జిల్లాకును మారినది. అనగా 1948 సెప్టెంబరు వరకు నైజాము ఏలుబడి మన యేటి ఆవలిగట్టుననే యుండెను.

తెలంగాణ సాయుధ పోరాటకాలమున (1946–51) బండి యాదగిరి ఈ పాటను కట్టెను. మొదట ఇది ఎర్రపహాడు దేశముఖు జన్నారెడ్డి ప్రతాపరెడ్డిని నిలదీయుచు పుట్టినదని ప్రతీతి. ఆ దొర చేతిలో లక్షన్నర ఎకరముల భూమి యుండెనని పుచ్చలపల్లి సుందరయ్యగారు తమ గ్రంథమున వ్రాసినారు. పాటలో పదే పదే వచ్చు సంబోధనయే దీని ఆయువుపట్టు. ఆ పేరొక్కటి మార్చిన చాలును, గురి మారును. అట్లే దొర పేరున్న చోట నైజాము సర్కారు వచ్చి చేరెను.

తరువాత పాట వెండితెర కెక్కినది. బి. నర్సింగరావుగారు నిర్మాతలలో ఒకరుగా, గౌతం ఘోష్ దర్శకత్వమున ‘మా భూమి’ చిత్రము 1980 మార్చి 23న విడుదలయ్యెను. దీని కథకు ఆధారము కృషణ్ చందర్ ఉర్దూ నవల. గొంగడి భుజమున వేసికొని గద్దర్ తెరపై ఈ పాట పాడెను. ఆయనయు కొంతకాలము బ్యాంకు గుమాస్తాయే. 2023 ఆగస్టు 6న కాలధర్మము చెందెను. చిత్రములోని పాట నైజామును సంబోధించునది. ఆ రూపమే ఊరూర వ్యాపించెను. పాట గద్దర్‌దని జనులు తలచిరి. యాదగిరి పేరు వెనుకబడెను, దొర పేరు మరుగుపడెను.

దీనివలన నష్టమేమందురా? ఏటేట సెప్టెంబరు 17 వచ్చినంతనే విమోచనమా, విలీనమా అను వివాదము రేగుచున్నది. ఆ పోరాటమును కేవలము రెండు మతముల కలహముగా చూపువారును కలరు. మొదటి సంబోధన తెలిసినవారు ఆ మాట నమ్మజాలరు. ‘మా భూమి’ అను పేరు గల నాటకము చిత్రమునకు ముప్పది యేండ్ల ముందే యుండెను. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు వ్రాసిన ఆ నాటకమును నాటి మద్రాసు ప్రభుత్వము నిషేధించెను. విస్నూరు దేశముఖును ఎదిరించి ప్రాణము లర్పించిన షేక్ బందగీ అను రైతు గాథ దానికి మూలము. అచ్చట రైతు ముస్లిము, దొర హిందువు. నైజామును దేశముఖులును ఒకే కాడికి రెండు కొనలు. ఒక కొనను మాత్రమే చూపు పాట సగము చరిత్రయే చెప్పును.

కావున చంద్రపురము, బల్లార్షా, రాజురా ప్రాంతముల తెలుగు కుటుంబములకు నాదొక మనవి. మీ యింటి వృద్ధులకు ఈ పాట వచ్చునేని, వారు పాడిన రీతిగనే వ్రాసియుంచుడు. ఏ యూర నేర్చినదియు గుర్తించుడు. సంబోధనలో వచ్చు పేరును మాత్రము సరిదిద్దవలదు. చిత్రములోని రూపము ఎన్నటికిని దొరకును. ఆ పేరు వారితోనే పోవును.