అమ్మ ఉత్తరం ఎవరిది?

పాత చీరలు పోగేసి బొంత కుట్టిన అమ్మమ్మను పనిమంతురాలు అంటాం గానీ కళాకారిణి అనం. ట్రంకు పెట్టెలో ఆమె దాచుకున్న ఉత్తరాలూ, ఫోటోలూ, పద్దుల పుస్తకాలూ ఆమె పోయాక పాత కాగితాలవాడి తక్కెడలోకి వెళ్తాయి. అలాంటి సరుకుతోనే స్త్రీలు బొమ్మలూ, పుస్తకాలూ, వీడియోలూ తయారు చేసిన చరిత్ర వందేళ్లకు పైబడింది. ఆ చరిత్ర చదువుతున్నప్పుడల్లా నాకో ప్రశ్న ఎదురవుతుంది. ఇంట్లో దొరికిన దాని మీద హక్కు ఎవరిది? దాచినవాళ్లదా, వాడుకున్నవాళ్లదా?

హన్నా హోఖ్ 1916 నుంచి 1926 వరకు బెర్లిన్‌లోని ఉల్‌స్టైన్ ప్రచురణ సంస్థలో అల్లికలకీ, ఎంబ్రాయిడరీకీ డిజైన్లు గీసే ఉద్యోగం చేసింది. ఆ సంస్థ పత్రికల్లోంచే బొమ్మలు కత్తిరించి, అతికించి ఫోటోమాంటేజ్‌లు చేసింది. ఆమె చేసిన వాటిలో బాగా పేరొచ్చిన దాని శీర్షికలోనే వంటింటి కత్తి ఉంది. 1920 నాటి డాడా ప్రదర్శనలో ఆమెకు చోటివ్వడం జార్జ్ గ్రోస్‌కూ, జాన్ హార్ట్‌ఫీల్డ్‌కూ ఇష్టం లేదు. రావుల్ హౌస్‌మన్ తానూ తప్పుకుంటానని బెదిరిస్తేగానీ ఆ చోటు దక్కలేదు. 1964లో హాన్స్ రిక్టర్ రాసిన డాడా చరిత్రలో ఆమె డబ్బులేని రోజుల్లో కూడా అందరికీ సాండ్‌విచ్‌లూ, బీరూ, కాఫీ ఎలాగో సమకూర్చిన మనిషిగా గుర్తుకొస్తుంది. అయితే ఆ ఉద్యమం కాగితాలను నాజీల కంట పడకుండా కాపాడింది కూడా ఆమే. 1939లో బెర్లిన్ శివారులోని ఒక చిన్న ఇంటికి మారి, వాటిని అక్కడే దాచింది. కాఫీ ఇచ్చిన చెయ్యి చరిత్రకారుడికి కనబడింది గానీ చరిత్రను దాచిన చెయ్యి కనబడలేదు.

ఈ దాచే పనికి అమెరికాలో మిరియమ్ షపీరో, మెలిస్సా మేయర్ 'ఫెమ్మేజ్' అని పేరు పెట్టారు. 1977-78లో 'హెరెసీస్' పత్రికలో వాళ్లు రాసిన వ్యాసం పద్నాలుగు లక్షణాలు చెబుతుంది. స్త్రీ చేసినదై ఉండడం, పోగేయడం, దాచడం, పనికిరాని ముక్కలను మళ్లీ వాడడం అందులో కొన్ని. కొలాజ్‌ను కనిపెట్టింది పికాసో, బ్రాక్‌లని చెప్పే కళాచరిత్రకు అది సూటి జవాబు. అదే కాలంలో పనిముట్లూ చేతికందాయి. 1967లో వచ్చిన సోనీ పోర్టాపాక్‌తో ఒక్క మనిషే వీడియో తీయగలిగింది. ఆ మాధ్యమంలో మహానుభావులెవరూ అప్పటికి లేరు కాబట్టి స్త్రీలు ఎవరి అనుమతీ అడగాల్సిన అవసరం లేకపోయింది.

కానీ ఇంట్లో అనుమతి మాటేమిటి? మోనా హతూమ్ 1988లో చేసిన పదిహేను నిమిషాల వీడియో 'మెజర్స్ ఆఫ్ డిస్టెన్స్' ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొంటుంది. ఆమె బీరూట్‌లో పాలస్తీనా దంపతులకు పుట్టింది. 1975లో లండన్ వెళ్లినప్పుడు లెబనాన్‌లో అంతర్యుద్ధం మొదలై అక్కడే చిక్కుబడిపోయింది. 1981లో ఇంటికి వెళ్లి, స్నానం చేస్తున్న తల్లి ఫోటోలు తీసింది, ఆమెతో మాటలు టేపు చేసింది. వీడియోలో ఆ ఫోటోల మీద తల్లి ఉత్తరాల అరబిక్ చేతిరాత తెరలా పరుచుకుని ఉంటుంది. ఆ ఉత్తరాలనే కూతురు ఇంగ్లీషులో చదువుతుంది. ఫోటోల సంగతి తండ్రికి నచ్చలేదు, తన సొత్తులోకి ఎవరో చొరబడినట్టు బాధపడ్డాడు. వాడుకో, కానీ నాన్నతో చెప్పకు అని తల్లి రాస్తుంది. అంటే ఆమె ఒళ్లు మొగుడి ఆస్తి కాదన్న మాట ఆమె ఉత్తరంలోనే ఉంది. అది కూడా రహస్యంగానే చెప్పాల్సి వచ్చింది. ఆ రహస్యాన్ని లోకానికి చూపించే హక్కు ఆ తల్లి ఇచ్చింది కాబట్టే ఆ వీడియో దొంగతనం కాలేదు.

మన దేశంలో దయనీతా సింగ్ ఇంకో దారి చూపించింది. తనతో ప్రయాణించిన స్నేహితుల కోసం ఆమె మడతల పుస్తకాలు చేత్తో తయారు చేసి, ఒక ప్రతి వాళ్లకిచ్చి, ఒకటి తన దగ్గర ఉంచుకునేది. వాటిలోంచి 2008లో 'సెంట్ ఎ లెటర్' అచ్చయింది. చిన్న పెట్టెలో ఏడు పుస్తకాలు, మడతలు విప్పి నిలబెడితే ప్రతిదీ ఒక ప్రదర్శన. ఏడింటిలో ఒకటి తల్లి నోనీ సింగ్ తీసిన ఫోటోలది. దానికి తల్లి పేరే పెట్టింది. 2013లో నోనీ సింగ్ ఫోటోలతో ఆమె పేరునే విడిగా ఒక పుస్తకమూ వచ్చింది. ఇంటి ఆల్బమ్‌కి ఫోటోలు తీసే తల్లి కూడా ఫోటోగ్రాఫరే అని ఒప్పుకోవడం అది.

నాలాంటి పరిశోధకులం ఇవాళ అమ్మల డైరీలూ, ఉత్తరాలూ, పద్దుల పుస్తకాలూ ఆత్రంగా వెతుకుతున్నాం. 'స్త్రీల గొంతు' అని పేరు పెట్టి మన పుస్తకాల్లోకి తెచ్చుకుంటున్నాం. చాలాసార్లు అట్ట మీద మన పేరే ఉంటుంది, లోపల ఆమె 'ఒక గృహిణి' అవుతుంది. వెనకటి చరిత్రకారులు ఆమె పనిని చూడలేదు. మనం చూసి, వాడుకుని, ఆమె పేరు వదిలేస్తే ఆ అన్యాయం ఇంకో రూపంలో కొనసాగినట్టే. పేరు బయటపెట్టడం ఆమెకు ఇష్టం లేకపోతే అదీ ఆమె హక్కే, కానీ ఆ నిర్ణయం ఆమె చెయ్యాలి. అందుకే కత్తెర పట్టుకునే ముందు, కెమెరా తిప్పే ముందు అడుగుదాం. ఉత్తరం రాసినావిడ బతికుండగానే అడుగుదాం.