కొల్లేటి అయిదో అడుగు

సంఘం ప్రత్యేక సంచికకు పాత సర్వే పనుల గురించి ఏదైనా రాసివ్వమని కార్యదర్శి గారు అడిగారు. నేను గొలుసు, డంపీ లెవెలు మోయించుకుంటూ గట్ల వెంట తిరిగి రిటైరైన వాణ్ణి. అరచేతిలో ఇమిడే జి.పి.ఎస్. పెట్టెలు, కంప్యూటర్లు వచ్చాక మన ప్రాంతంలో ఆ కొలతల పని ఏమైందో నాకు తెలిసినంత మేర రాస్తాను.

1802లో లాంబ్టన్ దొర మద్రాసులో మొదలుపెట్టిన మహా సర్వేకు వాడిన థియోడలైటు బరువు అర టన్ను. బెజవాడ ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. డెల్టా కాలువలకు వాలు చూసింది లెవెలుతోనే. ఈ చదునైన నేలలో వాలు అంగుళాల లెక్క. స్టాఫు పట్టినవాడు కాస్త పక్కకు వంచితే చాలు, రీడింగు తప్పినట్టే. స్టాఫు పట్టిన కలాసీని తిట్టని సర్వేయరు మన సంఘంలో ఎవరైనా ఉన్నారా!

ఈ అంగుళాల విలువ తెలియాలంటే కొల్లేరు చూడాలి. 1999 అక్టోబరులో ప్రభుత్వం +5 అడుగుల కాంటూరు లోపలి సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. అదే +10 అడుగుల కాంటూరు దాకా లెక్కిస్తే సుమారు 901 చదరపు కిలోమీటర్లు. అంటే అయిదడుగుల ఎత్తు తేడాకు దాదాపు 600 చదరపు కిలోమీటర్ల నేల! ఒక్క అడుగు తప్పితే ఎవరి చేపల చెరువు, ఎవరి పట్టా గీతకు ఏ పక్కన పడుతుందో ఊహించుకోండి. 2006లో చెరువు గట్లు పగలగొట్టినప్పుడు లంక గ్రామాల వారికి ఆ గీతే బతుకు తేల్చింది.

ఇక ఆకాశం సంగతి. మన దేశపు ఐ.ఆర్.ఎస్–1ఎ ఉపగ్రహం 1988 మార్చిలో ఎగిరింది. ఆ వరుసలోనిదే ఐ.ఆర్.ఎస్–1డి. దాని చిత్రాలను కంప్యూటరులో పరిశీలించి, కొల్లేరు కనుమరుగవుతోందని నాగేశ్వరరావు గారు, ఆయన సహచరులు 2004లో కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. అయితే పైనుంచి తీసిన బొమ్మలో గుర్రపుడెక్క ఏదో, వరిచేను ఏదో తేల్చాలంటే మనిషి అక్కడికి వెళ్ళి చూడవలసిందే. చేతి జి.పి.ఎస్. అక్కరకొచ్చేది ఇక్కడే. 2000 మే 2 దాకా అమెరికా వారు ఆ సంకేతాన్ని కావాలనే చెడగొట్టి వదిలేవారు. వంద మీటర్ల దాకా తప్పు వచ్చేది. ఆ తరువాత పది మీటర్ల లోపుకు దిగింది. ఏ చెరువు గట్టు మీద నిలబడ్డామో బొమ్మలో గుర్తు పెట్టుకోవడానికి అది చాలు.

ఎత్తుకు మాత్రం చాలదు. ఆ పెట్టె ఎత్తు చెప్పడంలో మరింత తప్పుతుంది. పైగా ఉపగ్రహం లెక్క భూమికి ఊహించిన ఒక నునుపైన ఆకారం నుంచి. మన బెంచిమార్కు లెక్క సముద్ర మట్టం నుంచి. మన వైపు ఈ రెంటికీ పదుల మీటర్ల తేడా. 2020 డిసెంబరులో జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్ళపాడులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు, రోవర్లు వచ్చాయి. పొలం హద్దును సెంటీమీటర్లలో చెప్పగలిగిన రోవరు కూడా, సముద్ర మట్టం నుంచి ఎత్తు చెప్పాలంటే ఆ తేడా సరిచూసుకోవలసిందే.

ఈ మధ్య మనవడితో కైకలూరు వైపు వెళ్ళాను. గట్టు మీద నిలబడి వాడు ఫోనులో ఎత్తు చూపించాడు. అడుగు కదలకుండా నిలబడితే మూడు నిమిషాల్లో మూడు రకాలుగా చెప్పింది. "తాతగారూ, ఇంతకీ అయిదో అడుగు ఎక్కడుంది?" అన్నాడు. లెవెలు ఉంటే చూపించేవాణ్ణి. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో పాత లెవెల్ పుస్తకాలను బీరువా ఖాళీ చేయడానికి తూకానికి అమ్మేశారు. ఏ రాయి మీద ఏ ఎత్తు ఉందో వాటిలోనే ఉండేది. సభ్యుల ఇళ్ళలో అటువంటి పుస్తకాలు ఏవైనా మిగిలి ఉంటే, చెదలు పట్టకముందే సంఘ కార్యాలయానికి తెలియజేయ ప్రార్థన. నకలు తీయించే ఖర్చు నేను పెట్టుకుంటాను.